ముద్ర వేసినవాడే కరిగించాడు

తమ్ముడు: అక్కా, ఈసారి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొట్టించిన బంగారు నాణెం గురించి చెప్తానన్నావు. సాలిడస్. బరువెంత?

అక్క: నాలుగున్నర గ్రాములు. మన లెక్కలో అర కాసు కంటే కాస్త ఎక్కువ. రోమన్ పౌను అంటే సుమారు 325 గ్రాములు. ఆ పౌను బంగారంతో అంతకుముందు చక్రవర్తి డయోక్లీషియన్ 60 నాణేలు కొట్టిస్తే, కాన్‌స్టంటైన్ 72 కొట్టించాడు.

తమ్ముడు: అంటే నాణెం చిక్కిపోయిందన్నమాట!

అక్క: చిక్కింది, కానీ అక్కడే ఆగింది. అంతకుముందు వెండి నాణెం చివరికి వెండి పూత పూసిన రాగి బిళ్ల అయిపోయింది కదా. సాలిడస్ అలా కాలేదు, ఏడు వందల ఏళ్లు దాదాపు అదే మేలిమి.

తమ్ముడు: మరి మోసాలు జరగలేదా?

అక్క: ఎందుకు జరగవు! నాకు అసలు ఇష్టమైన ముచ్చట అదే. పోయిన నెల అమ్మ పాత గాజులు మార్చడానికి వెళ్లాం, గుర్తుందా? ఎంత హాల్‌మార్క్ ఉన్నా మన ఎదుటే కరిగించి గానీ రేటు కట్టలేదు.

తమ్ముడు: అమ్మ టెన్షన్ చూడాలి అప్పుడు!

అక్క: చక్రవర్తి ఖజానా కూడా అంతే. జనం పన్ను కింద మంచి నాణేలు కడితే, మధ్యలో వసూలు చేసేవాళ్లు వాటిని కల్తీవాటితో మార్చేసేవారు. దాంతో క్రీ.శ. 360ల చివర్లో చక్రవర్తులైన వాలెంటీనియన్, వాలెన్స్ అన్నదమ్ములు చట్టం తెచ్చారు. వచ్చిన నాణేలు కరిగించి కడ్డీ చేసి పంపండి అని. తమ బొమ్మ ఉన్న నాణేన్నే తాము నమ్మలేదు చూడు!

తమ్ముడు: మళ్లీ ఆ కడ్డీలతోనే కొత్త నాణేలా?

అక్క: అవును. ఆ తర్వాతి నాణెం వెనక్కి తిప్పితే అడుగున ‘కానోబ్’ (CONOB) అని ఐదు రోమన్ అక్షరాలు. ‘కాన్’ అంటే కాన్‌స్టాంటినోపుల్, ‘ఓబ్’ అంటే పుటం పెట్టిన బంగారం. తమాషా ఏంటంటే, గ్రీకులో అక్షరాలే అంకెలు కూడా, ఆ ఓ, బీ కలిస్తే 72, పౌనుకి కొట్టిన నాణేల లెక్కే.

తమ్ముడు: భలే! మన వైపు వచ్చాయా ఇవి?

అక్క: దక్షిణాదిలో దొరికాయి. సింహళం కథ ఇంకా బాగుంటుంది. 6వ శతాబ్దంలో కాస్మాస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు రాశాడు. మీలో ఎవరి రాజు గొప్ప అని అక్కడి రాజు అడిగితే, పర్షియా వర్తకుడు వెండి నాణెం తీశాడట, సోపాత్రస్ అనే రోమన్ బంగారు నాణెం తీశాడట. సోపాత్రస్‌ని ఏనుగెక్కించి డప్పులతో ఊరేగించారట.

తమ్ముడు: వెండికీ బంగారానికీ పోటీ ఏంటక్కా, అన్యాయం కాదూ!

అక్క: రాసింది రోమన్ల వైపువాడు కదరా. ఆ పర్షియా ఆయన రాసుంటే ఏనుగు మీద ఎవరుండేవారో!