రిలీజ్ ఫిల్ము మీద గీతలు: ఏ మందు పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ

నమస్కారం. ముందుగా గది లైటు ఆర్పుతున్నాను, వీడియో ఆగిపోయిందని కంగారు పడకండి.

నా చేతిలో ఉన్నది పాలిస్టర్ రిలీజ్ ఫిల్ము, అంటే జిగురున్న వాటి మీద వేసి, తర్వాత సాఫీగా ఊడదీసే ఫిల్ము. ఇందాక వెలుతురులో చూసినప్పుడు దీని మీద మచ్చ కూడా లేదు. ఇప్పుడు టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు ఫిల్ముకు ఆనించినంత వాలుగా పెడుతున్నాను. కనిపించాయా? గోరు పొడవున సన్నటి తెల్లని గీతలు, వరుసగా. తనిఖీ బల్ల మీద నిటారుగా లైటు వేసుకుని ‘అంతా బాగుంది’ అని సంతకం పెట్టే వాళ్లకు ఇవి ఎప్పటికీ కనిపించవు. ఈ ముక్కను పక్కన పెట్టుకుందాం, దీనితో తర్వాత పని ఉంది.

ఇంత చిన్న గీతకు ఇంత గొడవ ఎందుకంటే, ఈ ఫిల్ము మందం 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జిగురు పట్టకుండా దాని మీద పూసిన సిలికాన్ పొర సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. గీత ఆ పొరను చీల్చుకుని కింది పాలిస్టర్‌ను తాకిందంటే జిగురు అక్కడ పట్టేస్తుంది. సాఫీగా ఊడి వస్తున్న ఫిల్ము ఆ చోట టక్కున ఆగి, గుంజితే గానీ రాదు. ఇంకో సంగతి: నాగలి చాలు తీస్తే రెండు పక్కలా మట్టి గట్టులా లేచినట్టే, గీతకు రెండు అంచులూ పైకి లేస్తాయి. కెపాసిటర్ల తయారీలో ఈ ఫిల్ము మీదే సిరామిక్ ముద్దను పలచగా పరుస్తారు. ఆ పొర ఒక మైక్రాన్ మందమే ఉన్నప్పుడు ఆ గట్టు దాన్ని పొడిచేస్తుంది. అక్కడ పడిన రంధ్రం తర్వాత షార్ట్ సర్క్యూట్‌గా తేలుతుంది.

సరే, మందుల సంగతికి వద్దాం. గీత పడకుండా చేస్తామని చెప్పుకునే ఉపాయాలు చాలా ఉన్నాయి. నేను వాడి చూసిన వాటి గురించే మాట్లాడతాను. మొదటే నా అభిప్రాయం చెప్పేస్తున్నాను: చాలా మంది గట్టి ఫిల్ము కొనడానికి పరుగెత్తుతారు, లైనులో, అంటే ఫిల్ము నడిచే యంత్రాల వరుసలో, దాన్ని మోసే రోలర్ సరిగా తిరగకపోతే మాత్రం అలాగే వదిలేస్తారు.

రోలర్ తిరుగుతోంది కదా అంటారు. తిరగడం వేరు, ఫిల్ముతో సమానంగా తిరగడం వేరు. లెక్క చూడండి. లైను వేగం నిమిషానికి 60 మీటర్లు. రోలర్ వ్యాసం 100 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 314. ఆ రోలర్ నిమిషానికి 191 చుట్లు తిరగాలి. లైను ఆపి ఉన్నప్పుడు రోలర్ చివర చిన్న మార్కరు గుర్తు పెట్టి, లైను నడిచాక దూరం నుంచే ఫోనులో స్లో మోషన్ వీడియో తీశాను. లెక్కపెడితే 140 వచ్చాయి. మిగిలిన 51 చుట్ల దూరం, అంటే నిమిషానికి 16 మీటర్ల ఫిల్ము, ఆ రోలర్ మీద రుద్దుకుంటూ పోతోంది. పైన కూర్చున్న ఒక్క ధూళి రేణువు చాలు, ఉలిలా పనిచేయడానికి. చుట్ల వేగం కొలిచే లేజర్ టాకోమీటర్ ఉంటే ఇంకా సులువు. తిరుగుతున్న రోలర్‌ను చేత్తో తాకి మాత్రం చూడకండి, ఎంత అనుభవం ఉన్నా సరే.

రోలర్ ఎందుకు వెనకబడుతుందంటే, చాలాసార్లు బేరింగులో చిక్కటి గ్రీజు. లైను ఆపి, ఫిల్ము తీసి, రోలర్‌ను వేలితో ఒక్క తోపు తోయండి. మంచి రోలర్ చాలాసేపు తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. పాడైనది రెండు చుట్లకే నిలబడిపోతుంది. బరువైన ఉక్కు రోలర్లు లైను వేగం పుంజుకునేటప్పుడు వెనకబడతాయి, ఆగేటప్పుడు ఆగవు. అందుకే రోలు మొదట్లోనూ చివర్లోనూ గీతలు ఎక్కువ. తేలికైన అల్యూమినియం రోలర్, పలచటి నూనె బేరింగ్, ఫిల్ము రోలర్‌ను ఇంకాస్త ఎక్కువ చుట్టుకునేలా దారి మార్చడం, ఈ మూడింటికీ నా నుంచి పూర్తి మార్కులు. వేగం పెరిగితే ఫిల్ముకూ రోలర్‌కూ మధ్య గాలి చేరి ఫిల్ము తేలిపోతుంది. ఆ గాలి పోవడానికి గాడులున్న రోలర్లు వాడతారు. మంచివే, కానీ గాడి అంచులు గుండ్రంగా ఉండాలి. అంచు పదునుగా ఉంటే రోగం కంటే మందే ప్రమాదం.

తర్వాత ధూళి. జిగురు రోలర్‌తో ధూళి లాగేసే పరికరాన్ని చూసి నేనూ ముచ్చటపడ్డాను. పనిచేస్తుంది, కానీ ఒంటరిగా కాదు. రోలు విప్పుతున్నప్పుడు ఫిల్ముకు స్టాటిక్ విద్యుత్తు పడుతుంది. అది ధూళిని అయస్కాంతంలా గుంజుకుని వదలదు. ముందు ఆ స్టాటిక్‌ను పోగొట్టే అయనైజర్ బార్, దాని తర్వాతే జిగురు రోలర్. ఈ వరుస తిరగేసి బిగించిన వాళ్లను చూశాను. సిలికాన్ సరిగా గట్టిపడని ఫిల్ము దాని మీద నడిచిందంటే ఆ సిలికాన్ జిగురు రోలర్‌కు అంటి, దాని పట్టు పోతుంది. బొటనవేలితో గట్టిగా రుద్దితే పూత జిడ్డుగా చెదురుతోందంటే ఆ రోలును దూరంగా ఉంచండి.

శుభ్రమైన గది కట్టించాం కదా, ధూళి ఎక్కడిదని అడుగుతారు. పాలిస్టర్‌ను వేడి చేస్తే లోపలున్న ఓలిగోమర్లు, అంటే పొట్టి అణువులు, పైకి వచ్చి రోలర్ల మీద తెల్లటి పొడిలా పేరుకుంటాయి. ఇది ఫిల్ము తన కడుపులోంచి కక్కిన ధూళి, ఏ వడపోతా ఆపలేదు. ఓవెన్ తర్వాతి రోలర్లను నియమంగా తుడవడమే దారి. పొడి గుడ్డతో కాదు, దారాలు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి.

చుట్టడం గురించి చాలామంది మాట్లాడరు గానీ, రోలు లోపల కూడా గీతలు పడతాయి. ఒదులుగా చుడితే పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. మరీ బిగిస్తే ధూళి రేణువు పక్క పొరలోకి గుంట పెడుతుంది. దీనికి కాణీ ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇదిగో, లైను ఆపి, సగం చుట్టిన రోలు పక్క ముఖం మీద కోర్ (ఫిల్ము చుట్టే నడిమి గొట్టం) నుంచి అంచు దాకా మార్కరుతో తిన్నని గీత గీశాను. చుట్టడం పూర్తయ్యాక చూడండి, కొక్కెంలా వంగింది. వంగిన చోటే లోపలి పొరలు జారాయి. కోర్ దగ్గర బిగువు ఎక్కువగా మొదలుపెట్టి, రోలు పెరిగే కొద్దీ తగ్గించుకుంటూ పోవాలి. అలా చేశాక గీసినది ఈ రెండో గీత, తిన్నగా ఉంది.

ఇక అందరూ అడిగే రక్షణ ఫిల్ము, అంటే పైన అతికించే పల్చటి పాలిథిన్. వెనక ముఖానికి పరవాలేదు. సిలికాన్ ముఖానికి మాత్రం నాకు నవ్వొస్తుంది: జిగురును తరిమేయడమే పనిగా ఉన్న ముఖానికి జిగురుతో కాపలా. నిలవదు, నిలిస్తే మరక వదులుతుంది. పైగా పాలిథిన్‌లో ఉండే గట్టి పలుకులు ఒత్తిడికి కింద గుంటలు పెడతాయి, పీకేటప్పుడు మళ్లీ స్టాటిక్. దూర ప్రయాణం చేసే సరుకుకు తప్ప నేను సిఫారసు చేయను.

ఇప్పుడు మొదట చూపించిన ముక్క. గీతలు ఒకే ఎడంలో వస్తున్నాయి కదా, టేపుతో కొలుద్దాం. 251 మిల్లీమీటర్లు. మళ్లీ ఇక్కడ, 251. ఈ ఎడమే రోలర్ చుట్టుకొలత. దాన్ని పై (π) విలువతో, అంటే 3.14తో, భాగిస్తే వ్యాసం 80. మా లైనులో 80 మిల్లీమీటర్ల రోలర్ ఒక్కటే ఉంది. ఎడతెగని పొడవైన గీత అయితే కదలని వస్తువు కోసం వెతకాలి. ఇలా ఎడం ఎడంగా వస్తే తిరిగేదాని మీదే దొంగ ఉన్నాడు.

లైను ఆపి ఆ రోలర్ మీద దూదిని మెల్లగా లాగాను. ఒక చోట నూలు పోగు తట్టుకుని ఆగింది. కంటికి ఆనని గాటు, దాని అంచు లేచి ఉంది. రోలు మార్చేటప్పుడు ఎవరో అతుకు టేపును రోలర్ మీదే పెట్టి బ్లేడుతో కోశారు. రోలర్‌ను సానపట్టి మళ్లీ క్రోమియం పూత వేయించాం. అతుకు వేసే చోట ఇప్పుడు మొన గుండ్రంగా ఉన్న కత్తెర ఒకటి తాడుతో కట్టి ఉంది.