ఉద్యోగం పోయిన సంగతి కాలేజీకి చెప్పండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్న కొందరి ఇళ్లలో ఈమధ్య ఉద్యోగాలు పోయాయి. కొందరికి కొత్తది దొరికింది గానీ జీతం బాగా తగ్గింది. సరిగ్గా ఇదే సమయంలో పిల్లలకు కాలేజీ అడ్మిషన్లు, వాటితోపాటు ఎయిడ్ లెటర్లు, అంటే చదువు ఖర్చుకు ఎంత సాయం ఇస్తారో చెప్పే ఉత్తరాలు, వచ్చాయి. ఏడాదికి ఇంత కట్టాలి అన్న అంకె చూసి రాత్రిళ్లు నిద్రపట్టని తల్లిదండ్రుల కోసమే ఈ మాటలు.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫాఫ్సా ఫారం రెండేళ్ల కిందటి పన్ను లెక్కలతో నడుస్తుంది. 2026 ఆగస్టులో కాలేజీలో చేరేవాళ్లకు చూసేది 2024 ఆదాయం. అప్పుడు ఇంట్లో ఇద్దరూ పనిచేస్తున్నారు, 2025 చివర్లో ఒకరి ఉద్యోగం పోయింది అనుకోండి. ఫారం మాత్రం ఇద్దరి జీతాలూ లెక్కగట్టి స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, అంటే ఎంత సాయం అవసరమో కాలేజీ అంచనా వేయడానికి వాడే అంకె, తేలుస్తుంది. మీరు నోరు విప్పి చెబితే తప్ప మీ ఇంట్లో ఏం జరిగిందో కాలేజీకి తెలిసే దారి లేదు. అలాగని ఫారంలో అంకెలు మీరే తగ్గించి రాయకండి. ఉన్న లెక్క ఉన్నట్టే పంపి, తర్వాత అడగండి.

అడగాల్సింది కాలేజీలోని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని. ఉద్యోగం పోవడం, జీతం తగ్గడం, ఇన్సూరెన్స్ భరించని ఆసుపత్రి ఖర్చులు, సంపాదించే మనిషి చనిపోవడం, విడాకులు, ఇలాంటివి జరిగినప్పుడు ఆధారాలు చూసి ఆ కుటుంబం లెక్కను మార్చే అధికారం వాళ్లకు చట్టమే ఇచ్చింది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. ఇలాంటి విన్నపాలు అసలే తీసుకోం అని ఏ కాలేజీ నియమం పెట్టుకోవడానికి వీల్లేదు. అయితే ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వాళ్ల ఇష్టం. ఆ నిర్ణయం మీద ఫెడరల్ విద్యాశాఖకు అప్పీలు చేసుకునే వీలు లేదు. అందుకే మొదటి ఉత్తరమే గట్టిగా ఉండాలి.

ఇక్కడ బాధతో ఒక మాట చెప్పాలి. మనవాళ్లు ఉద్యోగం పోయిన సంగతి ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పరు, స్నేహితులకు చెప్పరు. కొన్ని ఇళ్లలో పిల్లలకు కూడా తెలియనివ్వరు. పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే తండ్రులు ఉన్నారు. వాళ్ల పరువు భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎయిడ్‌కి దరఖాస్తు చేసేది మీ అమ్మాయో అబ్బాయో. కాలేజీ సాధారణంగా మాట్లాడేది కూడా వాళ్లతోనే, వాళ్లు సంతకం పెట్టి అనుమతిస్తేనే మీతో వివరాలు మాట్లాడతారు. కాబట్టి పిల్లల్ని కూర్చోబెట్టి ఉన్న విషయం చెప్పండి. చాలాసార్లు వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది, మీరు బాధపడతారని అడగరంతే. అడుక్కున్నట్టు ఉంటుందేమో అని కొందరు నాతో అన్నారు. చట్టంలో ఉన్న వీలును వాడుకోవడంలో చిన్నతనం ఏముందండీ?

ఇక ఉత్తరం. ఒక పేజీ దాటకూడదు. ఏం జరిగింది, ఏ తేదీన జరిగింది, 2024లో ఆదాయం ఎంత, ఈ ఏడాది డిసెంబరు దాకా ఎంత రావచ్చు, మీరు కోరేది ఏమిటి, ఇంతే రాయాలి. కష్టాలు ఏకరువు పెట్టే కన్నా అంకెలు చూపిస్తే అవతలివాళ్లకు పని సులువవుతుంది. కంపెనీ ఇచ్చిన టర్మినేషన్ లెటర్, చివరి పే స్టబ్ (జీతం చీటీ), సెవరెన్స్ (ఉద్యోగం తీసేస్తూ కంపెనీ ఇచ్చే సొమ్ము) కాగితం, కొత్త ఉద్యోగం వస్తే దాని ఆఫర్ లెటర్ జతచేయండి. సెవరెన్స్ కూడా ఆదాయమే, దాన్ని దాచారంటే మిగతా లెక్కనూ నమ్మరు. అన్ఎంప్లాయ్‌మెంట్ బెనిఫిట్, అంటే ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భృతి, దాని కాగితం ఉంటే మంచి ఆధారమే. కానీ హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఆ బెనిఫిట్ రాదు. అది లేదని ఆగిపోకండి, మిగతా కాగితాలు చాలు. ఇంకో సంగతి, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డ్ లేకపోయినా, ఇక్కడ పుట్టిన పిల్లలు ఫాఫ్సా నింపవచ్చు. తల్లిదండ్రుల హెచ్1బి మీద ఆధారపడిన హెచ్4 వీసాతో ఉన్న పిల్లలకు మాత్రం ఫెడరల్ ఎయిడ్ రాదు. సొంత నిధుల నుంచి ఏమైనా ఇస్తారా అని వాళ్లు కాలేజీనే అడగాలి.

401కె, అంటే ఉద్యోగంలో ఉండగా రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా, దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే. అందులో ఉన్న సొమ్మును ఫాఫ్సా ఆస్తిగా లెక్కపెట్టదు. ఉద్యోగం పోయాక ఇంటి కంతులు కట్టడానికి అందులోంచి డబ్బు తీశారనుకోండి, మామూలుగా అది ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. రెండేళ్ల తర్వాత ఫారం ఆ ఏడాదినే చూస్తుంది. అంటే ఉద్యోగం లేని ఏడాదే కాగితం మీద బాగా సంపాదించినట్టు కనిపిస్తుంది! ఇది ఒక్కసారి తీసిన డబ్బు, ఫలానా ఖర్చులకు అయిపోయింది, లెక్కలోంచి తీసేయండి అని రసీదులతో అడగవచ్చు. తీసిన రోజు నుంచే ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఏ కాలేజీకి ఆ కాలేజీకి విడిగా అడగాలి, ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరికి వర్తించదు. ఫాఫ్సాతోపాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడిగే ప్రైవేటు కాలేజీల లెక్క మరీ వేరు, కొన్ని మీ ఇంటి విలువ కూడా చూస్తాయి. మే 1 లోపు సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టమనే కాలేజీలు చాలా ఉన్నాయి, ఆలోపే జవాబు వచ్చేలా ఇప్పుడే పంపండి. చదువు మధ్యలో ఉద్యోగం పోయినా అడగవచ్చు.

ఎంత వస్తుంది అంటారా? ఉన్నది చెబుతాను. రెండు లక్షల డాలర్ల ఆదాయం లక్షా ఇరవై వేలకి పడితే ఫెడరల్ పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం, రావడం కష్టం. 2025-26లో దాని గరిష్ఠ మొత్తమే 7,395 డాలర్లు, అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఉద్దేశించింది. సొంత నిధులు బాగా ఉన్న కాలేజీలు గ్రాంట్ పెంచవచ్చు. స్టేట్ యూనివర్సిటీ ఒక లోన్ చూపించి ఊరుకోవచ్చు. సవరించిన లెటర్ వచ్చాక గ్రాంట్ ఎంత, లోన్ ఎంత అని విడదీసి చూడండి, లోన్ తీర్చాల్సిన అప్పు. అప్పటికీ కుదరకపోతే, మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి స్టేట్ యూనివర్సిటీకి మారే దారి ఉంది. ఇరవై ఏళ్లు తీర్చాల్సిన అప్పు కన్నా అది నయమని నా నమ్మకం.

ఎయిడ్ లెటర్లు తెచ్చుకున్నవాళ్లు పిల్లలతో సహా వెనక బల్లల దగ్గరికి రండి, ఉత్తరాలు ఇక్కడే మొదలుపెడదాం.