వైర్డ్ బర్గ్లర్ అలారం రివ్యూ: ఏడాది వాడాక, ప్యానెల్ మూత తీసి చూపిస్తున్నా

అందరికీ నమస్కారం అండీ. పోయిన సంక్రాంతికి ఇంటికి తాళమేసి ఊరెళ్లే ముందు ఈ 8 జోన్ల వైర్డ్ అలారం పెట్టించాం. జోన్ అంటే ప్యానెల్, అంటే అలారం మెయిన్ డబ్బా, విడిగా కనిపెట్టుకునే ఒక్కో చోటు. ఏడాది దాటింది. ప్యానెల్ మీద నాకు కంప్లయింట్ ఏమీ లేదు. అసలు సంగతంతా వైరింగ్‌లో ఉంది, అందుకే ఇవాళ మూత తీసి కూర్చున్నా.

ఇదిగో, దగ్గరగా చూపిస్తా. జోన్‌కి రెండు స్క్రూలు. ఒకటో జోన్ మా వీధి తలుపు. తలుపు రెక్కకి అయస్కాంతం, ద్వారబంధానికి రీడ్ స్విచ్. తలుపు మూసి ఉన్నంతసేపు స్విచ్‌లోని రెండు రేకులు అంటుకుని ఉంటాయి, తీయగానే విడిపోతాయి.

ఇప్పుడు ఇది చూడండి. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, మూడు ఎర్ర గీతలు, చివర బంగారు గీత. 2.2 కిలో ఓమ్స్ రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే ముక్క. ఇంత అడ్డు కనిపిస్తే తలుపు మూసి ఉన్నట్టు ప్యానెల్ లెక్క. మాకు ఫిట్ చేసినాయన ఎనిమిదింటినీ ఈ ప్యానెల్లోనే బిగించేసి వెళ్లిపోయాడు. తలుపు తీస్తే మోగుతోంది కదా, అంతా బాగుందనుకున్నాం. ఆర్నెల్ల తర్వాత నేనే గుమ్మం దగ్గర రెండు తీగల తొడుగు చెక్కి, ఒకదానికొకటి కలిపి, తలుపు బార్లా తెరిచా. చప్పుడే లేదు! రెసిస్టర్ ప్యానెల్లోనే ఉంది కాబట్టి, తీగలు కలిపితే తలుపు మూసినట్టే అనుకుంది. ఒళ్లు జలదరించిందండీ. ఆర్నెల్లు ఆ తలుపుని నమ్ముకుని పడుకున్నాం.

రెసిస్టర్ ఉండాల్సింది ప్యానెల్ నుంచి వెళ్లే తీగల చివర, తలుపు దగ్గర స్విచ్ పక్కనే. అప్పుడు తీగ తెగినా ప్యానెల్‌కి తెలుస్తుంది, ఎవరైనా తీగలు కలిపేసినా తెలుస్తుంది. మీ ఇంట్లో ఇలా చూసుకోండి: కరెంటూ బ్యాటరీ తీసేసి, జోన్ తీగలు రెండూ ప్యానెల్ నుంచి విప్పి, తలుపు మూసి మల్టీమీటర్ పెట్టండి. 2.2 కిలో ఓమ్స్ దగ్గర చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. సున్నాకి దగ్గరగా ఉంటే తలుపు దగ్గర రెసిస్టర్ లేనట్టే. కొన్ని ప్యానెళ్లకి 4.7, 5.6 కూడా ఉంటాయి, మాన్యువల్‌లో రాసే ఉంటుంది.

ఇనుప గ్రిల్ ఉన్నవాళ్లు మామూలు కాంటాక్ట్, అంటే ఈ అయస్కాంతం, స్విచ్ జత, కొనకండి. ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేస్తుంది. ఇనుప తలుపులకని విడిగా అమ్మే పెద్ద సైజువి తీసుకోండి.

మోషన్ సెన్సర్ రెండుసార్లు అర్ధరాత్రి మోగింది. గుండెలు చేత్తో పట్టుకుని పరుగెత్తి చూస్తే లెన్స్ మీద బల్లి! పెట్ ఇమ్యూన్, అంటే పెంపుడు జంతువులు తిరిగినా మోగదు అని డబ్బా మీద ఉన్నా, లెన్స్ మీదకే ఎక్కినదానికి అదేం చేస్తుంది? పక్కనే ట్యూబ్‌లైటు, దానికి పురుగులు, పురుగుల కోసం బల్లులు. సెన్సర్‌ని ఎదుటి మూలకి, ఏడడుగుల ఎత్తుకి మార్చి, వైరు దూరే కంతని సిలికాన్‌తో పూడ్చా. మళ్లీ మోగలేదు. మనిషి సెన్సర్‌కి అడ్డంగా నడిస్తే అది త్వరగా పసిగడుతుంది, కాబట్టి మూల మంచి చోటు. ఎండపడే కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు.

కేబుల్‌ని కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చేస్తానంటే ఒప్పుకోకండి. వేరే కేసింగ్ వేయించండి.

బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్. మా లోడుకి కరెంటు లేకుండా ఒక రోజు లాగుతుంది. ఇక సిమ్. అలారం మోగగానే మనకి ఫోన్ చేసే డయలర్ మాది 2జీది, కాబట్టి జియో సిమ్ పనిచేయదు, దానికి 2జీ నెట్‌వర్కే లేదు. వేరే సిమ్ వేశాం. రీచార్జ్ అయిపోతే ఫోన్ రాదు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకున్నా.

పక్కింటి వదినగారికి ముందే చెప్పి వచ్చా. రెసిస్టర్ ఇప్పుడు తలుపు దగ్గరుంది. సిస్టమ్ ఆన్ చేశా. అవే రెండు తీగలు మళ్లీ కలుపుతున్నా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు ఒక్క క్షణం తీసేయండి.