పుట్టగొడుగు పేరు సరే, ముందు తిప్పి చూడండి!

(కెమెరా నేలకు ఆనించి. తడి ఆకుల మధ్య ఒక పుట్టగొడుగు.)

పిల్లల్ని అడవి పుట్టగొడుగులు చూపించడానికి తీసుకెళ్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇది తినొచ్చా?" దాన్ని ఈ రోజుకు పక్కన పెట్టేయండి. మనం వచ్చింది చూడటానికే. విషపుదైనా మామూలుగా తింటేనే ప్రమాదం, పట్టుకుంటే కాదు. ఆ టెన్షన్ వద్దు, తర్వాత చేతులు కడుక్కుంటే చాలు.

(చేతులు, చిన్న కత్తి. దగ్గరగా.)

చాలామంది కాడ పట్టుకుని లాగేస్తారు. సగం ఆనవాళ్లు మట్టిలోనే ఉండిపోతాయి. చుట్టూ గుచ్చి, మొదలుతో సహా పైకి తీయండి. ఇదిగో, అడుగున పగిలిన గుడ్డు పెంకులా తెల్లటి సంచి! అమానిటా జాతిలో చాలావాటికి ఇది ఉంటుంది. డెత్ క్యాప్ అనే ప్రాణాంతక పుట్టగొడుగు కూడా ఆ జాతిదే. అది తిన్నాక 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. వాంతులు మొదలయ్యేసరికి విషం లివర్‌ దాకా వెళ్లిపోయి ఉంటుంది. ఉడికించినా పోదు. వెండి చెంచా నల్లబడితేనే విషమని, పురుగు కొరికితే మంచిదని చెప్పేవాళ్లుంటారు. రెండూ వట్టి మాటలే.

(తొడిమ మీద టోపీ, కింద చిన్న అద్దం.)

పీకకుండా చూడాలంటే అద్దం పెట్టండి. కింద పల్చటి రేకులున్నాయా, స్పాంజిలా రంధ్రాలా, ముళ్లా? మట్టిలో మొలిచిందా, కర్ర మీదా? పక్కన ఏ చెట్టుంది? పై నుంచి తీసిన ఒక్క ఫొటో చూసి యాప్ చెప్పే పేరును నేనైతే నమ్మను.

(కాగితం, గిన్నె.)

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. టోపీ కోసి, రేకులు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. కాగితం సగం నలుపు, సగం తెలుపు ఉండాలి. రేకుల నుంచి రాలే స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి సన్నటి పొడి, తెల్లగా ఉంటే తెల్ల కాగితం మీద కనబడవు మరి. పొద్దున గిన్నె తీస్తే పొడితో గీసిన చక్రంలా ముద్ర.

(గిన్నె లేస్తుంది. ఆకుపచ్చ గీతలు.)

చూశారా, పచ్చగా! టోపీ తెల్లన, లేతప్పుడు రేకులూ తెల్లనే. ఇది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అయ్యుండొచ్చు, తింటే కడుపు పాడుచేసే రకం. తినే రకాల్లాగే కనిపిస్తుంది, పట్టించేది ఈ రంగే. ముద్ర పక్కన తేదీ, చెట్టు పేరు పిల్లలతోనే రాయించండి. గైడ్ పుస్తకం ఇప్పుడు తెరవండి.