నీళ్లు మన మట్టిని తాకకముందే

అందరికీ నమస్కారం. మన గని నుంచి పొలాల మీదికి, వాగుల్లోకి పోయే బురద నీళ్ల గురించి ఈ మాటలు రోహిణి కార్తెలోనే చెప్పుకోవాలి. మృగశిర దాటి, మొదటి వాన పడ్డాక చెప్పి లాభం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైనుంచి తవ్వుకుంటూ పోయే ఒక ఓపెన్‌కాస్ట్ గనికి దిగువనున్న ఊరి రైతు నన్ను చెయ్యి పట్టుకుని తన మడిలోకి తీసుకెళ్లాడు. నాట్లు వేసి పది రోజులైంది. వంగి గుప్పెడు బురద తీసి చూపించాడు. పైన వేలెడు మందాన బూడిద రంగు బంక, దాని కింద ఆయన నల్లరేగడి. "సారూ, ఈ పైది నా మట్టి కాదు, మీ మట్టి" అన్నాడు. కారణం వెతికితే పెద్దగా ఏమీ లేదు. కిందటేడు పూడిన డ్రెయిన్‌ను ఎవరూ తీయించలేదు. రాత్రి వానకు గని తవ్విపోసిన మట్టి డంపు మీది నీళ్లు కట్ట దాటి పొలాల మీద పడ్డాయి.

ఆ నీళ్లెన్నో ఒక లెక్క చూద్దాం. వంద హెక్టార్ల మీద పది సెంటీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్లు, అంటే పది కోట్ల లీటర్లు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. బొగ్గు గనులున్న భూపాలపల్లి జిల్లాలోని చిట్యాలలో 61 దాటింది. అంత వాన ఏటా పడదు, నిజమే. కానీ గంటకు 50 మిల్లీమీటర్ల వాన మనకు కొత్త కాదు. అందులో అరవై శాతం నేల మీదుగా పారినా, వంద హెక్టార్ల నుంచి సెకనుకు ఎనిమిది వేల లీటర్లకు పైనే వస్తాయి. అందుకే గనుల పర్యావరణ అనుమతి పత్రాల్లో డ్రెయిన్లు, సంపులు (నీళ్లు చేరే గుంటలు) గరిష్ఠ వాన ప్రవాహం కన్నా 50 శాతం ఎక్కువకు సరిపడా కట్టాలని షరతు పెడతారు. ఆ యాభై శాతం మనకు మిగులు కాదు. పూడికలోనే సగం పోతుంది.

చాలామంది ధైర్యమంతా బురద నీళ్లు నిలబెట్టి తేర్చే సెట్లింగ్ పాండ్ మీదే. పాండ్ ఉందిగా, తేరుకుంటాయిలే అంటారు. ఏ మట్టి ఎంతసేపట్లో తేరుకుంటుందో తెలిస్తే ఆ మాట అనరు. సన్న ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి రెండు మూడు నిమిషాలు చాలు. మిల్లీమీటరులో వందో వంతుండే ఒండ్రు రేణువుకు మూడు గంటలు దాటుతుంది. వెయ్యో వంతుండే బంకమట్టికి కదలని నీళ్లలో కూడా రెండు వారాలు కావాలి! వానాకాలంలో ఏ పాండ్‌లోనూ నీళ్లు రెండు వారాలు కదలకుండా ఉండవు. బొగ్గు పైనుంచి తీసిపోసే మన ఓబీలో షేల్ రాయి, బంకమట్టి ఎక్కువ. వాగులోకి వదిలే నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి తేలకూడదన్నది బొగ్గు గనులకు 2000లో వచ్చిన ప్రమాణం. ఒక్క పాండ్‌ను నమ్ముకుని దాన్ని అందుకోలేం.

పటిక వేయొచ్చు. బంకమట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పటిక వాటిని గుంపు కట్టించి కిందికి దించుతుంది. మన ముసలమ్మలు కుండ లోపల చిల్లగింజ అరగదీసింది కూడా నీళ్లు తేర్చడానికే. కానీ కుండకు పనికొచ్చింది పది కోట్ల లీటర్లకు ఎంత కావాలి, ఎన్నాళ్లు కావాలి?

కాబట్టి నా మాట ఒకటే. నీళ్లు బురద కాకముందే పట్టుకోవాలి. గని చుట్టుపక్కల అడవి నుంచి, పొలాల నుంచి వచ్చే మంచి నీళ్లను గని చుట్టూ తవ్విన గార్లండ్ డ్రెయిన్‌తో పక్క నుంచే వాగులో కలిపేయండి. మన మట్టిని తాకనివ్వకండి. అప్పుడు పాండ్‌కు వచ్చేది మన గని నీళ్లే, సగం భారం అక్కడే తగ్గుతుంది.

తరువాత డంపు. డంపు మెట్టు, అదే బెంచి, వాలు లోపలికే ఉండాలి. అంచు మీదుగా నీళ్లు జారితే, ఈ రోజు జానెడున్న గాడి శ్రావణానికి మనిషి దిగేంత కోత అవుతుంది. లోపలికి మళ్లిన నీటిని రాయి పరిచిన మెట్ల కాలువలో కిందికి దింపండి. డంపు పాదం దగ్గర టో వాల్ అనే అడ్డుగోడ, దాని వెనక డ్రెయిన్. పని ముగిసిన వాలు మీద వట్టివేరు, గడ్డి. వాటిని తొలకరికే నాటాలి, వాన మధ్యలో నాటితే వేరు పట్టకముందే కొట్టుకుపోతాయి. మట్టి, బొగ్గు మోసే హాల్ రోడ్ల సంగతీ అంతే. డంపర్లు నలిపిన మెత్తటి పొడి నేరుగా డ్రెయిన్‌లోకే దిగుతుంది.

ఇక పంపులు. సంపు అడుగున ఫుట్ వాల్వ్ (పంపు నీళ్లు పీల్చే మూతి) పెడితే మనం తోడేది నీళ్లు కాదు, బురద. తేలే పాంటూన్ తెప్ప మీద పెట్టి పైనీళ్లు తోడండి. పాండ్‌లో ఒక గుంజ పాతి, సగం లోతులో ఎర్ర రంగు వేయండి. పూడిక ఆ గుర్తును తాకిన రోజే తవ్వించండి, నెలాఖరు రిపోర్టు కోసం ఆగొద్దు.

టీ తాగాక బూట్లు, హెల్మెట్లు వేసుకుని రండి. దక్షిణం వైపు డ్రెయిన్ వెంట కింది మడుల దాకా నడుద్దాం. ఒక పార కూడా తెచ్చుకోండి, కల్వర్టు దగ్గర పూడిక ఎంతుందో దించి చూడాలి.