ఏడో స్థానంలో నిలిచిన శ్రీరామ్ సింగ్

సభకు నమస్కారం.

పరుగు పందాల ప్రస్తావన వస్తే మన ఇళ్లలో ముందుగా వినిపించేవి మిల్ఖా సింగ్, పి.టి. ఉష పేర్లు. ఒలింపిక్స్‌లో ఇద్దరికీ దక్కింది నాలుగో స్థానమే అయినా జనం వారిని గుండెల్లో పెట్టుకున్నారు, అది ఎంతో సబబు. వారి సరసన ఉండవలసిన శ్రీరామ్ సింగ్ పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు.

రాజస్థాన్‌కు చెందిన ఈ యువకుడు భారత సైన్యంలోని రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరిన తరువాత కోచ్ ఇలియాస్ బాబర్ ఆయనను 800 మీటర్ల వైపు మళ్లించారు. వేగం ఉన్నవాడికి దూరం ఎక్కువై, దమ్ము ఉన్నవాడికి దూరం చాలక ఇబ్బంది పెట్టే పందెం అది. 1970 ఆసియా క్రీడల్లో రజతం, 1974లో టెహ్రాన్‌లోనూ 1978లో బ్యాంకాక్‌లోనూ స్వర్ణాలు, అర్జున పురస్కారం, పద్మశ్రీ ఆయనకు దక్కాయి. అంటే ప్రభుత్వ గుర్తింపుకు లోటు లేదు. రానిది జనంలో పేరే.

1976 జూలై 25న మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జరిగిన 800 మీటర్ల ఫైనల్‌ను కొంచెం వివరంగా చెబుతాను. ఒలింపిక్ ఫైనల్లో చాలామంది ఎదుటివారి అడుగు చూసి తమ అడుగు వేస్తారు. శ్రీరామ్ సింగ్ అలా కాచుకోలేదు. మొదటి చుట్టును 51 సెకన్లలోపే ముగించి, చివరి చుట్టుకు గంట మోగే వేళకు అందరికన్నా ముందున్నారు. ఆయన పక్కనే క్యూబా పరుగువీరుడు అల్బెర్టో హువాంటొరేనా ఉన్నాడు. రెండో చుట్టుకు హువాంటొరేనాకు సుమారు 52న్నర సెకన్లు, మనవాడికి దాదాపు 55 సెకన్లు పట్టాయి. హువాంటొరేనా 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించగా, శ్రీరామ్ సింగ్ 1 నిమిషం 45.77 సెకన్లతో ఏడో స్థానంలో నిలిచారు. మొదటి చుట్టులో ఆ భారతీయుడు పెట్టిన వేగమే తన రికార్డుకు దారి తీసిందని హువాంటొరేనా తరువాత మనస్ఫూర్తిగా చెప్పాడు.

అప్పటికి మన ఇళ్లలోకి టీవీ రాలేదు. రేడియో వార్తల్లోనూ మరునాటి పత్రికల్లోనూ ఏడో స్థానం ఒక అంకెగా వచ్చి వెళ్లిపోయింది. ఆ పరుగును కళ్లారా చూసినవారు లేనందువల్లే ఆయనకు దక్కవలసిన అభిమానం దక్కలేదని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే అంకెలు విని మనసు పడేవారు ఎక్కడా తక్కువే.

ఆ 1 నిమిషం 45.77 సెకన్ల టైమింగ్ మాత్రం ఆసియా రికార్డుగా 18 ఏళ్లు, జాతీయ రికార్డుగా 42 ఏళ్లు నిలిచింది. 2018 జూన్‌లో గువాహటిలో కేరళకు చెందిన జిన్సన్ జాన్సన్ దాన్ని దాటినప్పుడు తేడా సెకనులో 12 వందల వంతులే. మట్టి ట్రాక్‌ల మీద సాధన చేసిన తరానికి చెందిన మనిషిని అందుకోవడానికి సింథటిక్ ట్రాక్‌ల తరానికి ఇంత కాలం పట్టిందంటే, ఆ మాంట్రియల్ పరుగు విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ ఫైనల్ దృశ్యాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. చూడటానికి రెండు నిమిషాలు చాలు. హకీంపేట క్రీడా పాఠశాలలోనూ, మన జిల్లా స్టేడియాల్లోనూ 800 మీటర్లు నేర్చుకుంటున్న పిల్లలకు వాటిని చూపించి, మొదటి చుట్టులో ముందున్న ఆ మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పవలసిందిగా ఇక్కడికి వచ్చిన కోచ్‌లను, వ్యాయామ ఉపాధ్యాయులను కోరుతున్నాను.