స్వారీలో గుర్రం ఎందుకు మొరాయిస్తోంది? కారణాన్ని వెతికే పద్ధతి

నమస్కారం. నా పక్కన నిలబడి ఉన్న ఈ ఆడగుర్రాన్ని, నుదుటి మీది తెల్లమచ్చ వల్ల, మేము చుక్క అని పిలుస్తాము. పరుగు పందేల నుంచి విరమించి మా శిక్షణశాలకు వచ్చిన ఈ తొమ్మిదేళ్ళ థొరోబ్రెడ్ (పందెపు జాతి గుర్రం) ఏడాది పాటు చిన్నపిల్లలను కూడా బుద్ధిగా మోసి, ఉన్నట్టుండి మొరాయించడం మొదలుపెట్టింది. నడకలో బాగానే ఉండేది, ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, తోక విసిరేది, ఎడమ వైపు క్యాంటర్, అంటే ట్రాట్ కన్నా వేగమైన దౌడు, అడిగిన క్షణంలో మాత్రం మెడ పైకెత్తి, చెవులు వెనక్కి వాల్చి, ఉన్నచోటనే ఆగిపోయేది. దాదాపు రెండు నెలలు నేను దీనిని మొండిది అన్నాను, కొరడా చూపించాను, ఒకటి రెండు సార్లు తగిలించాను కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అప్పుడు నేను ఏ వరుసలో వెతికి ఉండవలసిందో ఈ వీడియోలో చెబుతాను.

మొదట కావలసినది ఒక నోటుపుస్తకం. గుర్రం మొరాయిస్తోంది అని కాకుండా, సరిగ్గా ఏ క్షణంలో మొరాయిస్తోందో రాయాలి. జీను తెస్తుంటేనే మొహం తిప్పుకుంటోందా, తంగు (జీనును పొట్ట కింద నుంచి కట్టే పట్టీ) బిగిస్తుంటే కొరకడానికి వస్తోందా, మనం ఎక్కి కూర్చోగానే వీపు కుంగదీస్తోందా, ఒక వైపు తిరిగేటప్పుడే ఆగుతోందా, లేక ఇరవై నిమిషాలు బాగా పనిచేసి అలసిన తరువాత మొదలుపెడుతోందా అన్నదానిని బట్టి మనం వెతికే చోటు మారిపోతుంది. చుక్క విషయంలో మా సైసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, ఒక మాట అన్నాడు: అది ఆగేది ఎప్పుడూ గేటు పక్క మూలలోనే, గుర్రపుశాలకు పోవాలనే దాని తాపత్రయం. మాట నమ్మదగినదిగానే ఉంది, ఎందుకంటే గుర్రాలకు ఇంటి మీద గుబులు ఉండడం మామూలే. అయితే మేము క్యాంటర్ అడిగేది కూడా ఎప్పుడూ ఆ మూలలోనే అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. మరునాడు మైదానానికి అవతలి కొసలో అడిగితే, అక్కడా అలాగే ఆగింది. గేటు మీద పెట్టిన నేరం అంతటితో కొట్టుకుపోయింది.

ఇందులోనే అసలు పద్ధతి ఉంది. ఒక రోజుకు ఒక్క విషయమే మార్చాలి. జీను, కళ్ళెం, స్వారీ చేసేవారు, దాణా అన్నీ ఒకేసారి మారిస్తే గుర్రం బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. నేను చుక్కను మొదటి రోజు జీను లేకుండా పొడవైన తాడు మీద గుండ్రంగా తిప్పాను. ఎడమ వైపు క్యాంటర్ సునాయాసంగా వేసింది. రెండవ రోజు జీను కట్టి తిప్పితే క్యాంటర్ వేసింది కాని తోక విసరడం మొదలైంది. మూడవ రోజు బరువు తక్కువ ఉన్న ఒక విద్యార్థిని ఎక్కగానే పాత కథే. ఈ మూడు రోజులలో నాకు తెలిసినది ఏమిటంటే, కాళ్ళ కన్నా ముందు జీను కింద చూడాలని.

అలాగని కాళ్ళను వదిలేయకూడదు. గట్టి నేల మీద, నిటారు దారిలో, తల స్వేచ్ఛగా ఆడేటట్టు తాడు వదులుగా పట్టుకుని ఒకరు ట్రాట్ నడిపిస్తుంటే మీరు ఎదురుగా నిలబడి చూడండి. ముందుకాలిలో నొప్పి ఉన్న గుర్రం, ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తుతుంది, మంచి కాలు దిగినప్పుడు తల దించుతుంది. వెనుక కాళ్ళ కోసం వెనుక నుంచి తుంటి ఎత్తుపల్లాలను గమనించాలి. రెండు కాళ్ళలోనూ సమానంగా నొప్పి ఉంటే ఈ తేడా కంటికి ఆనకపోవచ్చు, అందుకే కుంటడం లేదు కాబట్టి నొప్పి లేదు అనే తీర్పు తొందరపాటు అవుతుంది. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు సూ డైసన్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన పరిశీలనా పట్టికలో, స్వారీ సమయంలో చూడవలసిన 24 ప్రవర్తనలు ఉన్నాయి. చెవులు 5 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ సేపు వెనక్కి వాలి ఉండడం, పళ్ళు విడివడేటట్టు నోరు పదేపదే తెరవడం, నాలుక బయటపెట్టడం, తోక పెద్దగా విసరడం వంటివి అందులోనివే. వీటిలో 8 లేదా అంతకన్నా ఎక్కువ కనిపిస్తే కండరాలలోనో ఎముకలలోనో నొప్పి ఉండే అవకాశం బాగా ఉంటుంది. చుక్క పాత వీడియోలను ఆ పట్టికతో పోల్చి చూస్తే నాకు తొమ్మిది లెక్కకు వచ్చాయి.

ఇప్పుడు కెమెరాను చుక్క వీపు దగ్గరకు తీసుకువస్తున్నాను. నలభై నిమిషాల స్వారీ తరువాత, జీను తీసిన వెంటనే, తుడవకముందే చూడాలి. వెంట్రుకలన్నీ చెమటకు తడిసి నల్లబడి ఉండగా, ఎడమ భుజం వెనుక అరచేయి అంత చోటు పొడిగా ఉండడం ఆ రోజు నా కంటపడింది. పొడి మచ్చకు రెండు అర్థాలు ఉన్నాయి: అక్కడ జీను అసలు ఆనకపోయి ఉండవచ్చు, లేదా చెమట కూడా రానంత గట్టిగా నొక్కుతూ ఉండవచ్చు. ఏది నిజమో వేళ్ళు చెబుతాయి. మూపు వెనుక నుంచి నడుము వరకు, మూడు వేళ్ళ కొసలతో, మెల్లగా ఒత్తుతూ పోయాను. ఆ మచ్చ మీదకు రాగానే చర్మం ఈగ వాలినట్టు జలదరించింది, వీపు కిందికి జారింది, కుడి చెవి వెనక్కి తిరిగింది.

దీని వెనుక ఉన్న కదలికను అర్థం చేసుకోవాలి. గుర్రం ముందుకాలు ముందుకు చాపినప్పుడు భుజం ఎముక పైకొస వెనక్కి తిరుగుతుంది. ఎడమ క్యాంటర్‌లో ఎడమ ముందుకాలు ఎక్కువ దూరం చాపుతుంది కాబట్టి ఆ ఎముక జీను లోపలి చట్రం కిందికి ఇంకా లోతుగా జొరబడుతుంది. పందెపు గుర్రంగా సన్నగా ఉన్న రోజులలో చుక్కకు సరిపోయిన జీను, ఏడాది తిండితో, సమంగా చేసిన పనితో మూపు పక్కన కండ పట్టాక ఇరుకైపోయింది, పైగా మేము దానిని రెండు వేళ్ళు ముందుకు కట్టే అలవాటులో ఉన్నాము. కింద గుడ్డ లేకుండా జీను పెట్టి చూడండి: ముందు ఎత్తుకూ మూపుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, నడుమ గాడి వెన్నెముకను తాకకూడదు, వెనుక కొస చివరి పక్కటెముకను దాటకూడదు. మందపాటి మెత్త అదనంగా వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కాని ఇరుకు జీను కింద మెత్త వేయడం ఇరుకు చెప్పులో రెండు జతల మేజోళ్ళు తొడగడం లాంటిదే.

తల విసరడం, పగ్గం పట్టగానే నోరు తెరవడం ప్రధాన లక్షణమైతే వీపును కాదు, నోటిని ముందు చూడాలి. గుర్రం పళ్ళు ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూనే ఉంటాయి. పై దవడ కింది దవడ కన్నా వెడల్పు కావడం వల్ల పై పళ్ళ బయటి అంచులు బుగ్గల వైపు, కింది పళ్ళ లోపలి అంచులు నాలుక వైపు వాడిగా తయారవుతాయి. ముక్కుపట్టీ బిగించినప్పుడు బుగ్గ లోపలి చర్మం ఆ అంచుల మీద ఒత్తుకుంటుంది. నమిలిన గడ్డి ముద్దలు దాణా తొట్టి కింద రాలి ఉంటే అది కూడా గుర్తే. ఏడాదికి ఒకసారైనా పళ్ళు చూపించాలి. కళ్ళెం సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను: మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపు గుర్రాలకు ముళ్ళ కళ్ళెం వేయడం ఇంకా కనిపిస్తుంది. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారమే అది నిషిద్ధం, అలాంటి కళ్ళెం నొప్పి తిన్న నోటితో వచ్చిన గుర్రం పగ్గానికి భయపడడంలో వింత ఏమీ లేదు.

తంగు బిగించేటప్పుడే కోపం వచ్చే గుర్రానికి పొట్టలో పుండ్లు ఉండవచ్చు. గుర్రం కడుపులో ఆమ్లం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఊరుతూనే ఉంటుంది, కడుపు పైభాగపు పొరకు కింది భాగానికి ఉన్న రక్షణ లేదు. రోజుకు మూడు పూటలు దాణా పెట్టి మధ్యలో గడ్డి లేకుండా నిలబెట్టి, ఖాళీ కడుపుతో ట్రాట్ చేయిస్తే ఆ ఆమ్లం పైకి చిమ్ముతుంది. స్వారీకి అరగంట ముందు కొంచెం లూసర్న్ గడ్డి పెట్టడం మేలు. పుండ్లు ఉన్నాయని ఖాయంగా తేల్చేది మాత్రం దాదాపు 3 మీటర్ల పొడవు గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ పరీక్షే.

ఇక మన వంతు. కాలితో ముందుకు పొమ్మని, అదే క్షణంలో చేతితో ఆగమని చెప్పే స్వారీదారు కింద ఏ గుర్రమైనా చివరకు ఒక దారి ఎంచుకుంటుంది: నిలబడిపోవడమో, ఎగరడమో. వెనుక నుంచి వీడియో తీయించుకుని మీ రెండు రికాబులూ (పాదాలు పెట్టుకునే కడియాలు) సమంగా వేలాడుతున్నాయో లేదో చూసుకోండి. అనుభవం ఉన్న మరొకరు ఎక్కితే గుర్రం మామూలుగా పనిచేస్తే కొంత తెలుస్తుంది, కాని నేర్పరి చేతిలో నొప్పిని దాచుకునే గుర్రాలూ ఉన్నాయి కాబట్టి దానినే తుది తీర్పుగా తీసుకోవద్దు.

జీను మార్చిన మరునాడే చుక్క క్యాంటర్ వేసిందని చెప్పాలని ఉంది, కాని వేయలేదు. నొప్పి పోయినా ఆ అడుగు వేస్తే నొప్పి వస్తుందన్న జ్ఞాపకం దానిలో మిగిలింది. పది రోజులు స్వారీ మాని, తరువాత మళ్ళీ తాడు మీద, జీనుతో, ఆ పైన తేలికైన విద్యార్థినితో, రోజుకు నాలుగైదు అడుగుల క్యాంటర్ మాత్రమే అడిగి, వేయగానే పగ్గం వదిలి నడకలోకి దింపాము. నాలుగవ వారంలో గేటు పక్క మూలలో, అడిగిన వెంటనే, తోక కదలకుండా ఎడమ క్యాంటర్ ఎత్తుకుంది.

మీ గుర్రాన్ని వైద్యునికి చూపించే ముందు పది నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. జీను కట్టడం, ఎక్కడం, రెండు వైపులా ట్రాట్, క్యాంటర్ అన్నీ అందులో ఉండాలి, ఎందుకంటే పరీక్ష రోజున కొత్త మనిషిని చూసిన ఉద్రేకంలో గుర్రం చక్కగా నడిచిపోవడం కద్దు. వైద్యుడు వచ్చే ముందు మీ అంతట మీరు నొప్పి మందు వేయకండి, గుర్తులన్నీ చెరిగిపోతాయి.